ఈ పండుగ ఎవరు మొదలుపెట్టారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నవంబరు వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మిగతా నెలల్లో వాక్యం గురించి, ప్రార్థన గురించి, పిల్లల సంబంధాల గురించి అడిగేవాళ్ళంతా ఇప్పుడు పండుగల మీద పడతారు. ఈసారి ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు తీసుకున్నాను. కొన్నిటికి నాలుగు మాటలు చాలు, కొన్నిటికి చాల్లేదు, కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక సోదరి): నవంబరు 2న సమాధుల పండుగ చేస్తాం కదండీ. అది బైబిల్లో లేదని, చుట్టుపక్కల ఆచారాలు చూసి మనవాళ్ళు కల్పించుకున్నదని మా ఆడపడుచు వెళ్ళే సంఘంలో చెప్పారట. మా అత్తగారి సమాధికి సున్నం వేయించాలా వద్దా అని ఇంట్లో వారం నుంచి గొడవ. నిజం ఏమిటి?

జవాబు: సున్నం వేయించండమ్మా. పెద్దావిడ సమాధి శుభ్రంగా ఉండటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక పండుగ సంగతి. నవంబరు 2 అనే తేదీ బైబిల్లో లేదు, ఆ మాట నిజమే. కానీ మన ఊళ్ళలో కల్పించుకున్నది మాత్రం కాదు, ఆ తేదీ ఫ్రాన్సులోని ఒక మఠం నుంచి వచ్చింది. బర్గండీ ప్రాంతంలో క్లూనీ అనే చోట 910లో అక్విటేన్ ప్రభువు విలియం భూమి ఇస్తే బెనెడిక్టైన్ సన్యాసులు మఠం కట్టుకున్నారు. ఆ మఠానికి 994 నుంచి 1049 వరకు, అంటే యాభై అయిదేళ్ళపాటు, ఒడిలో అనే ఆయన అధిపతిగా ఉన్నారు. కరువొచ్చినప్పుడు మఠంలోని విలువైన వస్తువులు అమ్మించి జనానికి తిండి పెట్టిన మనిషి. ఆయనే తన మఠానికి, దాని కింద ఉన్న మఠాలన్నిటికీ ఒక ఉత్తర్వు పంపారు, 998లో అని సాధారణంగా చెబుతారు. సకల పునీతుల పండుగ, అంటే నవంబరు 1, సాయంత్రం గంటలు మోగించాలి, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలు పాడాలి, మర్నాడు వాళ్ళందరి పేరున దివ్యపూజ చేయాలి, పేదలకు దానం చేయాలి. క్లూనీ కింద వందల మఠాలు ఉండేవి కాబట్టి అక్కణ్ణుంచి ఐరోపా అంతా పాకింది, తర్వాత మిషనరీలతో మన దాకా వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చేది 'అందరి పేరున' అన్న మాట. అంతకుముందు కూడా మఠాల్లో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించేవాళ్ళు, కాకపోతే ఆ మఠంలో పోయిన సన్యాసులు, భూములు రాసిచ్చిన దాతలు, వీళ్ళ పేర్లు పుస్తకంలో రాసి పెట్టుకుని చదివేవాళ్ళు. ఒడిలో పెట్టిన రోజున పుస్తకంలోకి ఎక్కనివాళ్ళకి కూడా చోటు దొరికింది. మా చిన్నప్పుడు నాన్న బుట్టలో చేమంతులు, కొవ్వొత్తుల పెట్టె, అగరొత్తులు పెట్టుకుని మమ్మల్ని తీసుకెళ్ళేవారు. చీకటి పడేవేళకి గాలి లేచేది, ఎన్నిసార్లు వెలిగించినా ఆరిపోతుంటే మూడు ఇటుక ముక్కలు నిలబెట్టి చిన్న గూడులా చేసి అందులో పెట్టేవారు. మా నానమ్మ సమాధి అయ్యాక గోడవారగా పలక కూడా లేని ఒక మట్టిదిబ్బ దగ్గర ఇంకో కొవ్వొత్తి పెట్టేవారు. అది ఎవరిదని అడిగితే తెలియదురా అనేవారు. క్లూనీ సంగతి మా నాన్న ఎప్పుడూ విని ఉండరు.

మీ ఆడపడుచుగారి సంఘం వాళ్ళ అభ్యంతరం వేరే చోట ఉంది. చనిపోయినవాళ్ళ ఆత్మలకి మన ప్రార్థన సాయం చేస్తుందని క్యాథలిక్కులు నమ్ముతారు, దానికి మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చూపిస్తారు. ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఆ గ్రంథం లేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న, సరిగ్గా సకల పునీతుల పండుగ ముందురోజున, 95 వాదాలు బయటపెట్టింది కూడా ఉత్తరింపు స్థలం (చనిపోయినవాళ్ళ ఆత్మలు శుద్ధి అయ్యే చోటని క్యాథలిక్కులు నమ్మేది), డబ్బిచ్చి శిక్ష తగ్గించుకోవడం అనే విషయాల మీదే. అందుకే వాళ్ళు చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించరు, వాళ్ళని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెబుతారు. మా వైపు మాత్రం లూథరన్ వాళ్ళు, సీఎస్ఐ వాళ్ళు కూడా అదే రోజున సమాధుల దగ్గరికి వస్తారు, కొవ్వొత్తులు ఒకరివి ఒకరు అంటించుకుంటారు. మీ ఇంట్లో కూడా అలాగే కానివ్వండి. ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోండి, సున్నం మాత్రం కలిసి వేయించండి.

ప్రశ్న (ఏలూరు నుంచి, డిగ్రీ విద్యార్థి): డిసెంబరు 25 అసలు రోమన్ల సూర్యదేవుడి పండుగ అని, క్రైస్తవులు దాన్ని కాజేశారని ఒక వీడియో తిరుగుతోంది. కాలేజీలో ఫ్రెండ్స్ రోజూ అదే పంపిస్తున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: టెన్షన్ పడకు బాబూ. ఆ వీడియోలో కొంత నిజం ఉంది. ఆ కొంతా ఒప్పేసుకుంటే మిగతాది మాట్లాడటం తేలిక.

యేసు ఏ తేదీన పుట్టారో నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. మొదటి రెండు వందల ఏళ్ళలో విశ్వాసులు ఆయన పుట్టినరోజు చేసుకున్న దాఖలా కూడా లేదు, వాళ్ళకి పండుగంటే ఈస్టరే. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే పెద్ద పండితుడైతే, లేఖనాల్లో పుట్టినరోజు వేడుక చేసుకున్నవాళ్ళు ఫరో, హేరోదు లాంటివాళ్ళే తప్ప భక్తుల్లో ఒక్కరూ లేరని రాశాడు. డిసెంబరు 25 మొట్టమొదట కనిపించేది రోమ్‌లో 354లో తయారైన ఒక క్యాలెండర్ పుస్తకంలో. అందులో హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళ, జాబితా ఒకటుంది, అది 336 నాటిదని పండితుల లెక్క, దాని మొదటి పంక్తిలోనే బేత్లెహేములో క్రీస్తు పుట్టిన రోజు అని ఈ తేదీ వేశారు. ఇప్పుడు అసలు విషయం విను. అదే పుస్తకంలో ఇంకో పేజీలో అదే తేదీకి 'అజేయుడి పుట్టినరోజు, 30 రథపందేలు' అని కూడా ఉంది. అజేయుడంటే సూర్యదేవుడు. ఆయనకి ఆరేలియన్ చక్రవర్తి 274లో రోమ్‌లో గుడి కట్టించాడు. రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి, ఎవరు ఎవరిని చూసి పెట్టారన్నది మాత్రం ఆ పుస్తకం చెప్పదు. ఆ వీడియో చేసినాయన ఆ ముక్క తనంతట తనే నింపేశాడు.

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు దాని మీదే ఎక్కువ గురి. ఆ కాలపు లాటిన్ క్రైస్తవులు యేసు సిలువ మరణం మార్చి 25న జరిగిందని లెక్కగట్టారు. మరియమ్మ గర్భం ధరించింది కూడా అదే రోజునని ఒక నమ్మకం ఉండేది. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టు, ఎక్కడికి వచ్చి ఆగుతావో చూడు. తూర్పు దేశాల్లో కొందరు మార్చి 25కి బదులు ఏప్రిల్ 6 అనుకున్నారు, వాళ్ళకి తొమ్మిది నెలలకి జనవరి 6 వచ్చింది. ఆర్మేనియా సంఘం ఇవాళ్టికీ క్రిస్మస్ జనవరి 6నే చేస్తుంది. రెండు చోట్లా లెక్క ఒకే పద్ధతిలో పడింది కదా, ఉత్త సూర్యుడి పండుగ కాజేయడమే అయితే జనవరి 6 ఎందుకొస్తుంది? (రష్యా, సెర్బియా వాళ్ళ జనవరి 7 వేరే సంగతి, అది పాత జూలియన్ క్యాలెండర్ 13 రోజులు వెనకబడటం వల్ల వచ్చిన తేడా, వాళ్ళ లెక్కలో అది కూడా డిసెంబరు 25నే.)

అంతియొకయలో 386లో యోహాను క్రిసొస్తొమ్ అనే పేరున్న బోధకుడు ఈ పండుగ రోజున ప్రసంగిస్తూ, ఈ రోజు మనకి తెలిసి ఇంకా పదేళ్ళయినా కాలేదు అన్నాడు. శిష్యుల్ని మొదటిసారి క్రైస్తవులని పిలిచిన ఊరది! ఆ ఊరికే క్రిస్మస్ అంత ఆలస్యంగా వచ్చింది. నీ ఫ్రెండ్స్‌తో ఈ మాట ధైర్యంగా చెప్పు. పండుగ తేదీ తర్వాత వచ్చిందని ఒప్పుకున్నంత మాత్రాన పుట్టినాయన లేడని ఒప్పుకున్నట్టు కాదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): మా పాప సిస్టర్లు నడిపే స్కూల్లో చదువుతుంది. బెనెడిక్టైన్లు, ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు అని ఏదో ప్రాజెక్ట్ ఇచ్చారు. మేం క్రైస్తవులం కాదు, మాకు అందరూ ఒకేలా కనిపిస్తారు. ఇన్ని సభలు ఎందుకు? డిసెంబరులో స్కూల్లో పెట్టే పశువుల పాక కూడా వీళ్ళదేనని పాప అంటోంది.

జవాబు: పాప చెప్పింది నిజమే. పాక దగ్గరికి వస్తాను, ముందు సభల, అంటే సన్యాసుల బృందాల, సంగతి చెప్పనివ్వండి.

మొదట ఈజిప్టు ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసుకునేవాళ్ళు ఉండేవారు. అదే ఈజిప్టులో పకోమియస్ అనే మాజీ సైనికుడు నాలుగో శతాబ్దం మొదట్లో అందరినీ ఒక చోట చేర్చి, కలిసి పని, కలిసి భోజనం, కలిసి ప్రార్థన అనే పద్ధతి పెట్టాడు. ఆయన క్రైస్తవుడు అయిన కథ చాలా చిన్నది. బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్తుంటే దారిలో ఒక ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ఆ కుర్రాళ్ళకి అన్నం పెట్టారు, ఎవరు వీళ్ళని అడిగితే క్రైస్తవులని చెప్పారు. అంతే, అది మనసులో పడిపోయింది.

ఐరోపాలో ఆ పద్ధతికి గట్టి రూపం ఇచ్చింది ఇటలీకి చెందిన బెనెడిక్ట్. 529 ప్రాంతంలో మోంటే కాసినో కొండ మీద మఠం పెట్టి 73 అధ్యాయాల నియమావళి రాశాడు. అది చదివితే ఆయన ఎంత దగ్గరగా మనుషుల్ని చూశాడో తెలుస్తుంది. సన్యాసులు ఒకే గదిలో బట్టలతోనే, నడికట్టు కట్టుకునే పడుకోవాలట, గంట మోగగానే లేచి రావడానికి. కానీ నడుముకి ఉండే చాకు మాత్రం తీసి పడుకోవాలట, నిద్రలో గుచ్చుకోకుండా! ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలం మొదట్లో ప్రతివాడికీ ఒక పుస్తకం ఇవ్వాలి, వాడు దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదవాలి. వచ్చిన అతిథి ఎవరైనా సరే, క్రీస్తే వచ్చాడనుకుని చేర్చుకోవాలి. ఆ నియమావళి పాటించేవాళ్ళు బెనెడిక్టైన్లు. చేరిన మఠంలోనే చచ్చేదాకా ఉంటామని మాటిస్తారు.

ఇక్కడే తేడా. కాలం గడిచేకొద్దీ మఠాలకి భూములు, ఆస్తులు పెరిగాయి. ఇంకోపక్క పట్నాలు పెరిగాయి, పట్నాల్లో పేదలు పెరిగారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళే దిక్కు లేదు. అప్పుడు, 1200 తర్వాత, మఠం గోడలు దాటి వీధుల్లో తిరుగుతూ, భిక్ష ఎత్తుకుని బతికే సభలు పుట్టాయి. స్పెయిన్‌కి చెందిన డొమినిక్ సభకి 1216లో పోపుగారి ఆమోదం దొరికింది, వాళ్ళ పని బోధించడం, అందుకే చదువు మీద పట్టు ఎక్కువ. ఫ్రాన్సిస్ అసిసీ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి కొడుకు, అంతా వదిలేసి కుష్ఠురోగుల మధ్యకి వెళ్ళాడు, 1209లో రోమ్ వెళ్ళి పోపు మూడవ ఇన్నోసెంట్ దగ్గర నోటిమాటగా అనుమతి తెచ్చుకున్నాడు. పాపకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, బెనెడిక్టైన్లు ఉన్నచోట ఉంటారు, ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు జనం ఉన్నచోటికి వెళ్తారు. ఆడవాళ్ళకి మాత్రం ఆ రోజుల్లో బయట తిరగడానికి వీల్లేదు. క్లారా అనే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి 1212లో మట్టల ఆదివారం రాత్రి ఇంట్లోంచి వచ్చేస్తే ఫ్రాన్సిసే ఆమె జుట్టు కత్తిరించి చేర్చుకున్నాడు, కానీ ఆమె మఠం గోడల లోపలే ఉండాల్సి వచ్చింది. తన సభకి నియమావళి తనే రాసుకుంది. 1253లో ఆమె చనిపోవడానికి రెండు రోజుల ముందు పోపుగారు దానికి ఆమోదం ఇచ్చారు. పాప ప్రాజెక్టులో ఈమెకి ఒక పేజీ ఇవ్వమనండి. మనం బడిని కాన్వెంట్ అనడం అలవాటు చేసుకున్నాం గానీ అసలు ఆ మాటకి ఇలాంటివాళ్ళు ఉండే ఇల్లు అని అర్థం. మన దగ్గర స్కూళ్ళు, ఆసుపత్రులు నడిపే సిస్టర్ల సభలు చాలావరకు ఆ తర్వాతి కాలంలో పుట్టినవే.

ఇప్పుడు పాక. 1223లో గ్రేచియో అనే కొండ ఊళ్ళో క్రిస్మస్‌కి పదిహేను రోజుల ముందు ఫ్రాన్సిస్ తనకి తెలిసిన జాన్ అనే ఆయన్ని పిలిచి, బేత్లెహేములో ఆ బిడ్డ ఎంత ఇబ్బందిలో పుట్టాడో, గడ్డి మీద ఎలా పడుకున్నాడో నా కళ్ళతో చూడాలని ఉంది, తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద ఏర్పాటు చెయ్యి అన్నాడు. బొమ్మలు కాదు, నిజమైన ఎద్దు, నిజమైన గాడిద. సువార్తల్లో ఆ రెండూ లేవు, ఎద్దుకీ గాడిదకీ తమ యజమాని ఎవరో తెలుసని యెషయా మొదటి అధ్యాయంలో ఉన్న మాట నుంచి అవి పాకలోకి వచ్చాయి. ఆ రాత్రి ఊరివాళ్ళు కాగడాలు పట్టుకుని కొండెక్కి వచ్చారు. తొట్టి మీదే దివ్యపూజ జరిగింది. ఫ్రాన్సిస్ పూజ చేసే గురువు కాదు, పూజలో సాయపడే డీకన్ మాత్రమే, అందుకని సువార్త ఆయన పాడి వినిపించాడు. ఆయన పోయిన రెండు మూడేళ్ళకే చెలానో ఊరి తోమా రాసిన చరిత్రలో ఒక చిన్న సంగతి ఉంది, నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను. బేత్లెహేము అనే మాట వచ్చినప్పుడల్లా ఫ్రాన్సిస్ దాన్ని గొర్రెపిల్ల అరిచినట్టు పలికేవాడట, ఆ మాట తియ్యదనం రుచి చూస్తున్నట్టు పెదాలు నాక్కునేవాడట. పండుగయ్యాక ఆ గడ్డి జనం దాచుకుని జబ్బుచేసిన పశువులకి పెట్టుకున్నారు.

ప్రశ్న (మూడు ఊళ్ళ నుంచి వచ్చింది): క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా?

జవాబు: నికొలాస్ అనే బిషప్ ఉన్నారు. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో, అంటే ఇప్పటి తుర్కియే దక్షిణ తీరంలోని డెమ్రే. కట్నం ఇచ్చుకోలేక ముగ్గురు కూతుళ్ళని అమ్ముకునే దుస్థితికి వచ్చిన ఒక తండ్రి ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు విసిరి వెళ్ళారని కథ. కథే అయినా, కట్నం బాధ తెలిసిన మనకి అది మరీ దగ్గరగా తగులుతుంది. ఆయన ఎముకల్ని 1087లో ఇటలీ నావికులు బారీ పట్నానికి పట్టుకుపోయారు. ఆయన పండుగ డిసెంబరు 6. డచ్‌వాళ్ళ నోట్లో సింటర్‌క్లాస్ అయ్యి, అమెరికాలో శాంటాక్లాజ్ అయ్యాడు.

ప్రశ్న (బాపట్ల నుంచి ఒక సోదరి): మా ఆడవాళ్ళ కూటంలో ప్రతిసారీ మగ్దలేనే మరియని 'ఒకప్పటి వేశ్య' అంటారు. నాకు వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. బైబిల్లో అలా ఉందా?

జవాబు: లేదమ్మా. ఒక్క చోట కూడా లేదు.

లూకా సువార్త 8వ అధ్యాయం తియ్యండి. ఏడు దయ్యాలు వదిలిపోయిన మగ్దలేనే మరియ అని, తన ఆస్తితో యేసుకి, శిష్యులకి సాయం చేసిన స్త్రీలలో ఆమె పేరు మొదట ఉంది. దానికి ముందు 7వ అధ్యాయం చివర్లో, పేరు చెప్పని ఒక పాపాత్మురాలు ఆయన పాదాలు కన్నీళ్ళతో తడిపిన సంఘటన ఉంది. బేతనియలో మార్త చెల్లెలు మరియ పాదాలకి అత్తరు పూసినది ఇంకో సంఘటన. వీళ్ళు ముగ్గురూ ఒక్కరే అని 591 ప్రాంతంలో రోమ్‌లో పోపు మొదటి గ్రెగొరీ ఒక ప్రసంగంలో అన్నారు. ఏడు దయ్యాలంటే ఏడు పాపాలని అర్థం చెప్పారు, ఆ అత్తరు ఒకప్పుడు ఒంటికి పూసుకోవడానికి వాడినదని కూడా అన్నారు. గ్రెగొరీ మంచి కాపరి, పాపం చేసినవాళ్ళకి ఆశ కల్పించాలనే చెప్పి ఉంటారు. కానీ ఆ ఒక్క ప్రసంగంతో ఒక ఆడమనిషి మీద పడిన ముద్ర పద్నాలుగు వందల ఏళ్ళకి కూడా పోలేదు. తూర్పు సంఘాలు ఈ ముగ్గుర్నీ ఎప్పుడూ కలపలేదు, వాళ్ళకి ఈ గొడవే లేదు.

మగ్దలా గలిలయ సరస్సు ఒడ్డున ఊరు. గ్రీకులో దాని పేరుకి చేపలు ఉప్పువేసి నిలవచేసే చోటు అని అర్థం. మీ సూర్యలంక వైపు ఉప్పుచేపల వాసన తెలిసినవాళ్ళకి ఆ ఊరు ఎలా ఉండేదో నేను వేరే చెప్పక్కర్లేదు. 2009లో అక్కడ తవ్వకాల్లో యేసు కాలం నాటి సమాజమందిరం బయటపడింది. క్యాథలిక్ సంఘం 1969లో క్యాలెండర్ సవరించినప్పుడు ఆ పాత కలగాపులగాన్ని పక్కన పెట్టింది, 2016లో జూలై 22 నాటి ఆమె స్మరణని అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయికి పెంచింది. కారణం యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ఖాళీ సమాధి చూసి మగ శిష్యులిద్దరూ ఇంటికి వెళ్ళిపోతే ఏడుస్తూ అక్కడే నిలబడిపోయింది ఆమె. లేచిన ప్రభువుని మొదట చూసింది, ఆ కబురు శిష్యులకి మోసుకెళ్ళింది కూడా ఆమే. ఈసారి కూటంలో ఎవరైనా ఆ మాట అంటే, గొంతు పెంచకుండా, ఏ అధ్యాయంలో ఉందో చూపించు వదినా అని బైబిల్ చేతికివ్వండి.

ప్రశ్న (డాలస్ నుంచి): క్రిస్మస్‌కి తేదీ ఉంది, ఈస్టర్‌కి ఎందుకు లేదు? సెలవులు పెట్టుకోవడానికి ప్రతి ఏడూ వెతుక్కోవాల్సి వస్తోంది.

జవాబు: ఉగాది తేదీ ఎందుకు మారుతుందో తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. చంద్రుడు చెప్పిన పండుగ ఇది. యేసు మరణం యూదుల పస్కా పండుగ సమయంలో జరిగింది, పస్కా పౌర్ణమి లెక్కన వస్తుంది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. అందుకే మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5. సంఘం వాడేది పట్టికల్లో లెక్కవేసిన పౌర్ణమి, కాబట్టి మన పంచాంగంతో ఒక్కోసారి ఒక రోజు తేడా రావచ్చు.

దీని మీద పాతకాలంలో పెద్ద పేచీ నడిచింది. ఆసియా మైనరులోవాళ్ళు, అంటే ఇప్పటి తుర్కియే వైపువాళ్ళు, ఏ వారమైనా సరే పస్కా రోజునే చేసేవాళ్ళు, రోమ్‌వాళ్ళు ఆదివారమే అనేవాళ్ళు. 155 ప్రాంతంలో అక్కడి స్ముర్న బిషప్ పోలికార్ప్, అప్పటికే పండుముసలి, అపొస్తలుల్ని కళ్ళారా చూసిన మనిషి, ఓడెక్కి రోమ్ వెళ్ళి అక్కడి బిషప్ అనికేటస్‌తో మాట్లాడారు. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళు నిలబడ్డారు, ఒప్పందం కుదరలేదు. అయినా అనికేటస్ తన సంఘంలో ప్రభురాత్రి భోజనం పోలికార్ప్ చేతుల మీదుగానే జరిపించారు, సమాధానంగా విడిపోయారు. 325లో నైసియాలో బిషప్పులంతా కూడిన సభ అందరూ ఒకే ఆదివారం చేయాలని తీర్మానించింది. ఇప్పుడు తూర్పు, పడమర క్యాలెండర్లు వేరయ్యాక మళ్ళీ రెండు తేదీలు వస్తున్నాయి, 2025లో మాత్రం కలిశాయి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): పునీత అంతోనివారు ఎడారిలో ఉన్నారని ఒక పుస్తకంలో, ఇటలీలో ఉన్నారని ఇంకో పుస్తకంలో చదివాను. ఏది కరెక్ట్?

జవాబు: రెండూ కరెక్టే, ఇద్దరూ వేరు వేరు మనుషులు. ఎడారి అంతోని ఈజిప్టు రైతు కుటుంబంవారు, 251 ప్రాంతంలో పుట్టి 356లో చనిపోయారు. 'నీకున్నదంతా అమ్మి బీదలకిమ్ము' అనే వాక్యం చర్చిలో విని నిజంగానే పొలాలన్నీ ఇచ్చేశారు. మీ ఇంట్లో పటంలో బాలయేసుని ఎత్తుకుని, చేతిలో లిల్లీ పువ్వుతో ఉండేది పాదువా అంతోని. లిస్బన్‌లో పుట్టిన ఫ్రాన్సిస్కన్, 1231లో చనిపోయారు. పోయిన వస్తువులు దొరకాలని మొక్కుకునేది ఈయనకే.

ప్రశ్న (వరంగల్ నుంచి, సండే స్కూల్ టీచర్): మేం చెప్పే హతసాక్షుల కథలన్నీ మగవాళ్ళవే. ఆ కాలపు స్త్రీ ఎవరైనా తన సంగతి తనే రాసుకున్నది ఉందా?

జవాబు: ఉంది టీచర్ గారూ. ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆమె పేరు పెర్పెతువ. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ పట్నం, ఇప్పుడది తునీషియా. 203లో ఆమెని పట్టుకునేటప్పటికి వయసు 22, మంచి చదువున్న పెద్దింటి అమ్మాయి, చంకలో పాలుతాగే బిడ్డ. జైల్లో తను రాసుకున్నది మనకి మిగిలింది. క్రైస్తవ స్త్రీ స్వయంగా రాసినవాటిలో మనకి దొరికిన అతి పాతవాటిలో అదొకటి. తండ్రి వచ్చి క్రైస్తవురాలిని కానని ఒక్క మాట చెప్పమని బతిమాలాడు. అక్కడున్న కూజా చూపించి, దీన్ని కూజా అని కాక ఇంకో పేరుతో పిలవగలమా నాన్నా, నేనూ అంతే అంది. జైలు చీకటికి భయపడ్డానని, అలాంటి చీకటి ఎప్పుడూ చూడలేదని రాసింది. పాలు లేక బిడ్డ నీరసించిపోతున్నాడని రాసింది. బిడ్డని తన దగ్గర ఉంచుకోనిచ్చిన రోజున మాత్రం ఆ జైలే తనకి రాజభవనం అయిపోయిందని రాసింది.

ఆమెతో పాటు ఫెలిసిత అనే బానిస స్త్రీ, ఎనిమిది నెలల గర్భిణి. గర్భిణులకి మరణశిక్ష వేయకూడదని చట్టం, తన వాళ్ళతో కాకుండా తర్వాత ఒంటరిగా చావాల్సి వస్తుందేమోనని ఆమె దిగులు. వీళ్ళని జనం ముందు మృగాలకి వదిలే పోటీలకి కొద్ది రోజుల ముందు జైల్లోనే ఆడపిల్లని కంది, సంఘంలో ఒక సోదరి ఆ పిల్లని తన కూతురిగా పెంచుకుంది. మార్చి 7న ఇద్దర్నీ అడవి ఆవు ముందుకి తోశారు. ఆవు ఎత్తి పడేస్తే పెర్పెతువ లేచి, చిరిగిన బట్ట సర్దుకుని, విడిపోయిన జుట్టు ముడేసుకుంది. జుట్టు విరబోసుకోవడం ఏడుపుకి గుర్తు, తను ఏడవడం లేదు. తర్వాత ఫెలిసిత కింద పడి ఉంటే చెయ్యిచ్చి లేపింది. చివర్లో కత్తి పట్టుకున్న కుర్రాడు కొత్తవాడు, వాడి చెయ్యి వణికి వేటు సరిగ్గా పడకపోతే ఆమే ఆ చెయ్యి పట్టుకుని తన గొంతు దగ్గరికి తెచ్చుకుంది.

పిల్లలకి చెప్పేటప్పుడు చివరి భాగం వయసు చూసుకుని చెప్పండి, కూజా మాట మాత్రం అన్ని తరగతులకీ చెప్పండి. వీలైతే ఒక కూజా బల్ల మీద పెట్టి చెప్పండి. ఆమె రాత పోటీల ముందురోజుతో ఆగిపోతుంది. రేపు అక్కడ జరగబోయేది రాయాలనుకున్నవాళ్ళు ఎవరైనా రాయండి అని రాసి పెట్టింది. ఆవు, జుట్టు, వణికిన చెయ్యి, ఇదంతా ఇంకెవరో ఆ కాగితం అందుకుని రాసినదే.